గోరంత బ్యాటరీ... కొండంత జనరేటర్!

అర్ధరాత్రి దాటి రెండు గంటలు. విడవలూరో, ఇందుకూరుపేటో, అల్లూరో... నెల్లూరు తీరంలో ఏ ఊరైనా అనుకోండి. రొయ్యల గుంటల మీద గిర్రున తిరుగుతున్న ఏరియేటర్లు ఒక్కసారిగా ఆగిపోతాయి. కరెంటు పోయింది! కాపలా మనిషి టార్చిలైటు పట్టుకుని షెడ్డులోకి పరుగెత్తి జనరేటర్ తాళం తిప్పుతాడు. 'ట్రుక్... ట్రుక్... టిక్'. అంతే. మళ్లీ తిప్పితే ఆ 'టిక్' కూడా వినిపించదు.

లక్షలు పోసి కొన్న జనరేటర్ బాగానే ఉంది. ట్యాంకు నిండా డీజిల్ ఉంది. లేనిదల్లా పక్కనున్న పన్నెండు వోల్టుల బ్యాటరీలో సత్తువే. గోరంత దీపం కొండంత వెలుగు అంటారు. ఆ గోరంత దీపమే వెలగకపోతే?

గుంటలో పగలంతా నీటిలోని నాచు సూర్యరశ్మితో ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రయితే అదీ రొయ్యల్లాగే ఆక్సిజన్ పీల్చుకునే బాపతే. అందుకే తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అడుగంటుతుంది. లీటరు నీటిలో 4 మిల్లీగ్రాములైనా ఉంటే రొయ్యలు కులాసాగా ఉంటాయి. రెండుకు దిగిందంటే పైకి తేలడం మొదలుపెడతాయి. 2009లో మన దేశంలో వనామీ పెంపకానికి అనుమతి వచ్చాక గుంటల్లో పిల్లల సంఖ్య బాగా పెరిగింది. దాంతో ఏరియేటర్ల మీద ఆధారపడటమూ పెరిగింది. రొయ్యల ఉత్పత్తిలో దేశానికే ముందున్న రాష్ట్రం మనది. ఆ పంట మొత్తం కొన్ని రాత్రులు ఒక్క 'సెల్ఫ్' మీద ఆధారపడి ఉంటుంది!

అందుకే ఇప్పుడు బుచ్చిరెడ్డిపాలెం లాంటి ఊళ్లలోనూ బ్యాటరీల కొట్టుకు వెళ్లినవారి నోట ఓ ప్రశ్న తరచూ వినిపిస్తోంది. 'అన్నా, ఈ యాసిడ్ బ్యాటరీ తీసేసి లిథియం వేస్తే పోలా?' సెల్‌ఫోనులో అదే, స్కూటర్లో అదే, ఇన్వర్టర్లోనూ అదే వచ్చేసింది. మరి జనరేటర్‌కి ఎందుకు వద్దు?

ఇల్లే కదిలివస్తే...

ఈ ప్రశ్నను మనకంటే ముందు వేసుకున్నవాళ్లు మరొకరున్నారు. వాళ్లు ఇంటిని వెంటబెట్టుకుని తిరిగేవాళ్లు. మంచం, వంటగది, స్నానాలగది, ఏసీ అన్నీ ఉన్న బండి. మనం కారవాన్ అంటాం. అమెరికాలో మోటార్‌హోమ్ అంటారు. అక్కడున్న మన నెల్లూరు పిల్లలు సెలవుల్లో అద్దెకు తీసుకుని అమ్మానాన్నల్ని ఎల్లోస్టోన్ చూపించడానికి తీసుకెళ్తారే, అవే.

మనకూ ఈ బండ్లు మరీ కొత్తేమీ కాదు. 1982లో ఎన్టీ రామారావు 'చైతన్యరథం' ఎక్కి రాష్ట్రమంతా చుట్టేశారు. పాత షెవర్లే వ్యానును అందుకు తగ్గట్టు మార్పించారు. కుమారుడు హరికృష్ణ దాన్ని నడిపారు. రథమే వేదిక, రథమే విశ్రాంతి స్థలం. తర్వాతి కాలంలో సినిమా షూటింగులకు కారవాన్లు వచ్చాయి. 2021లో కేరళ ప్రభుత్వం కారవాన్ టూరిజానికి ప్రత్యేక విధానమే ప్రకటించింది. బుచ్చి కోదండరామస్వామిని దర్శించుకుని, జొన్నవాడ కామాక్షమ్మకు మొక్కి, సాయంత్రానికి మైపాడు బీచ్‌లో బండి ఆపుకుని పడుకోవాలని ఎవరికుండదు?

ఇలాంటి బండిలో సాధారణంగా రెండు రకాల బ్యాటరీలుంటాయి. ఇంజిన్ కోసం ఒకటి. లోపలి లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ కోసం ఇంకొకటి. దీన్ని 'ఇంటి బ్యాటరీ' అందాం. ఏసీ కోసం బండి అడుగున చిన్న జనరేటర్ ఉంటుంది. తమాషా ఏమిటంటే చాలా మోటార్‌హోమ్‌లలో ఆ జనరేటర్‌ని లేపేది ఈ ఇంటి బ్యాటరీయే. రాత్రంతా ఫ్యాన్లు తిప్పుకుని దాన్ని పీల్చేస్తే పొద్దున జనరేటర్ లేవదు. జనరేటర్ లేవకపోతే బ్యాటరీ నిండదు! పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదన్న సామెతలా ఉంటుంది వ్యవహారం. అందుకే చాలామంది ఇంటి బ్యాటరీని లిథియానికి మార్చారు. కొందరికి హాయిగా పనిచేసింది. ఇంకొందరికి బ్యాటరీ నిండుగా ఉన్నా జనరేటర్ కిమ్మనలేదు. ఎందుకని?

చెరువు నిండా నీరే... తూమే చిన్నది

లెక్క చూద్దాం. జనరేటర్ సెల్ఫ్ మోటారు 2 కిలోవాట్లది అనుకుంటే, 12 వోల్టుల మీద అది దాదాపు 167 ఆంపియర్లు లాగుతుంది. కదలని ఇంజిన్‌ని మొదట కదిలించే క్షణంలో అంతకు రెండు మూడు రెట్లు లాగినా ఆశ్చర్యం లేదు. కానీ ఇదంతా ఎంతసేపు? సగటున 200 ఆంపియర్లు 5 సెకన్లు లాగిందనుకున్నా ఖర్చయ్యేది ఒక్క ఆంపియర్-అవర్‌లో మూడోవంతు కూడా కాదు. వంద ఆంపియర్-అవర్ల బ్యాటరీకి అది లెక్కలోనిదే కాదు.

అంటే సమస్య ఎంత ఉందన్నది కాదు... ఎంత జోరుగా ఇవ్వగలదన్నది. కనిగిరి జలాశయం నిండుకుండలా ఉండొచ్చు. తూము చిన్నదైతే కాలువ చివరి పొలానికి నీరెక్కుతుందా?

యాసిడ్ బ్యాటరీకి ఈ తూము బాగా పెద్దది. లోపల పల్చటి సీసం పలకలు బోలెడు. అడిగిందే తడవుగా వందల ఆంపియర్లు ఇచ్చేస్తుంది. అడిగేవాడు, ఆపేవాడు మధ్యలో ఉండరు. లిథియం బ్యాటరీలో అలా కాదు. సెల్స్‌కి కాపలాగా 'బీఎంఎస్' అనే ఎలక్ట్రానిక్ పలక ఉంటుంది. దీన్ని తూము దగ్గర లష్కరు అనుకోండి. సెల్ వోల్టేజి మరీ తగ్గినా, మరీ పెరిగినా, వేడెక్కినా, హద్దు మీరి కరెంటు లాగినా తలుపు దించేస్తాడు. ఇళ్లకూ సోలార్‌కూ అమ్మే 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీల్లో చాలావాటికి ఆ హద్దు 100 ఆంపియర్ల దగ్గరే ఉంటుంది. క్షణకాలం కాస్త ఎక్కువ ఇస్తుందంతే. సెల్ఫ్ కొట్టగానే లష్కరు తలుపు దించేస్తాడు. జనరేటర్ లేవదు. బ్యాటరీ పాడైపోయిందని మనం కంగారుపడతాం. నిజానికి అది తన పని తాను చేసింది!

దీనికి మందు లేకపోలేదు. ఇంజిన్లు స్టార్ట్ చేయడానికే తయారుచేసిన లిథియం బ్యాటరీలు వేరే ఉన్నాయి. వాటి బీఎంఎస్ వందల ఆంపియర్లను అనుమతిస్తుంది. కొనేటప్పుడు అడగాల్సింది 'ఎన్ని ఆంపియర్-అవర్లు?' అని మాత్రమే కాదు. 'కొన్ని సెకన్లపాటు ఎన్ని ఆంపియర్లు ఇస్తుంది?' అని. జనరేటర్ పుస్తకంలో సెల్ఫ్‌కి ఎంత కావాలో రాసి ఉంటుంది. రెండూ పోల్చి చూసుకోవాలి.

మంచీ ఉంది... చెడూ ఉంది

లిథియానికి ఉన్న మంచి తక్కువేం కాదు. వంద ఆంపియర్-అవర్ల యాసిడ్ బ్యాటరీ పాతిక నుంచి ముప్ఫై కిలోలు తూగితే, లిథియం అందులో సగమే. యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే ఆయుష్షు తరుగుతుంది. లిథియం ఎనభై శాతం దాకా వాడినా బెదరదు. డిస్టిల్డ్ వాటర్ పోసే పనిలేదు. నెలల తరబడి వాడకుండా వదిలేసినా చార్జింగ్ అంతగా దిగదు. మన జనరేటర్లలో యాసిడ్ బ్యాటరీలు చచ్చేది ఎక్కువగా అలా వదిలేయడం వల్లే. రోహిణి కార్తె ఎండల్లో మూలన పడి ఉన్నది తనంతట తానే దిగిపోతుంది. పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. తుపాను రోజున సెల్ఫ్ కొడితే 'టిక్' అంటుంది.

ఇక చెడు. యాసిడ్ బ్యాటరీ చచ్చేముందు చెబుతుంది. సెల్ఫ్ బరువుగా తిరుగుతుంది, లైటు మసకబారుతుంది. చెవి ఉన్నవాడికి వారం ముందే తెలుస్తుంది. లిథియం వోల్టేజి దాదాపు చివరిదాకా ఒకే తీరుగా ఉంటుంది. నిన్నటిదాకా బ్రహ్మాండంగా ఉండి ఇవాళ ఉన్నట్టుండి సున్నా చూపిస్తుంది. రొయ్యల గుంట మీద ఈ మౌనం చాలా ప్రమాదకరం.

రెండోది వేడి. చలిదేశాల వారికి గడ్డకట్టే చలిలో లిథియాన్ని చార్జింగ్ చేయకూడదన్న బెంగ. మనకు ఆ బెంగ లేదు కానీ దానికి తాతలాంటిది ఉంది. సాధారణంగా 45 డిగ్రీలు దాటితే ఈ బ్యాటరీలకు చార్జింగ్ ఆపేయాలి. ఎండాకాలం నెల్లూరు రేకుల షెడ్డులో, అందులోనూ నడుస్తున్న జనరేటర్ డబ్బా లోపల, ఆ వేడి ఎంతసేపు? కాబట్టి లిథియం పెట్టేట్టయితే డబ్బా బయట, గాలి ఆడేచోట పెట్టాల్సిందే.

మూడోది చార్జింగ్. లిథియం ఆకలి ఎక్కువ. ఖాళీగా ఉంటే ఆల్టర్నేటర్ ఇవ్వగలిగినదంతా లాగేస్తుంది. ఆల్టర్నేటర్ కాలిపోవచ్చు. నిండాక బీఎంఎస్ ఠక్కున తెంచేస్తే, పారే కాలువకు ఒక్కసారిగా తలుపు దించినట్టు వోల్టేజి ఎగదన్ని డయోడ్లు పోవచ్చు. అందుకే మధ్యలో డీసీ-డీసీ చార్జర్ ఉండాలి. పాత యాసిడ్ చార్జర్‌నే తగిలించడం, యాసిడ్‌నీ లిథియాన్నీ ఒకే తీగకు జతచేయడం... రెండూ పనికిరావు.

అన్నీ ఒకటి కాదు

లిథియం అనగానే మనకు 2022 వేసవి గుర్తొస్తుంది. ఆ ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతే వాహనాల బ్యాటరీలకు కేంద్రం భద్రతా ప్రమాణాలను గట్టి చేసింది.

అయితే లిథియంలో చాలా రకాలున్నాయి. జనరేటర్లకూ కారవాన్లకూ వాడేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. ఒక్కోటి 3.2 వోల్టుల సెల్స్ నాలుగు కలిస్తే 12.8 వోల్టులు. మిగతా రకాలకన్నా ఇది వేడికి త్వరగా చెదరదు. దీని పుట్టుకలో మన దేశం వాళ్ల చెయ్యీ ఉంది. 1997లో అమెరికాలోని టెక్సాస్ యూనివర్సిటీలో జాన్ గుడ్‌ఇనఫ్‌తో కలిసి అక్షయ పాధీ, నంజుండస్వామి దీన్ని ప్రపంచానికి పరిచయం చేశారు. లిథియం బ్యాటరీల మీద కృషికి గుడ్‌ఇనఫ్‌కు 97 ఏళ్ల వయసులో, 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. అంత పెద్ద వయసులో నోబెల్ అందుకున్నవారు మరొకరు లేరు.

మన తెలుగు నేలా వెనకబడి లేదు. 2022లో తిరుపతిలో మునోత్ సంస్థ లిథియం సెల్స్ కర్మాగారం మొదలైంది. తిరుపతి దగ్గర కరకంబాడిలో యాసిడ్ బ్యాటరీలతో ఎదిగిన అమరరాజా, 2023 మేలో మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో 9,500 కోట్ల రూపాయల లిథియం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసింది.

నిద్రలోనే పోయారు

జనరేటర్ లేవకపోవడం ఒక కష్టం. లేచి నడుస్తూ ఉండటం ఒక్కోసారి అంతకన్నా పెద్ద కష్టం. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరిందని నిపుణుల పరిశీలనలో తేలింది. ఈ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలో ఉన్నవాడికి తెలిసే వీలే లేదు.

కారవాన్‌లో లిథియం అసలు విలువ ఇక్కడుంది. జనరేటర్‌ని లేపడంలో కాదు... రాత్రిపూట లేపకుండా ఉండటంలో! టన్ను ఇన్వర్టర్ ఏసీ సగటున 600 వాట్లు లాగిందనుకుంటే ఎనిమిది గంటలకు 4.8 యూనిట్లు. 12.8 వోల్టుల 400 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 5.1 యూనిట్లు పడతాయి. పగలు బండి నడిచేటప్పుడో, జనరేటర్‌ని మనుషులు మెలకువగా ఉండగా నడిపో నింపుకుంటే రాత్రి నిశ్చింతగా పడుకోవచ్చు. ఎలా పడుకున్నా, కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టే అలారం మాత్రం బండిలో ఉండి తీరాలి.

మరి ఏం చేయాలి?

కారవాన్ వాళ్లకు సులువైన దారి: ఇంటి అవసరాలకు లిథియం, జనరేటర్‌ని లేపడానికి విడిగా చిన్న యాసిడ్ బ్యాటరీ. రెంటికీ మధ్య డీసీ-డీసీ చార్జర్. ఎవరి పని వారిది.

రొయ్యల రైతులకు, రైసుమిల్లులకు, పెళ్లిళ్ల సీజన్లో జనరేటర్లు అద్దెకిచ్చేవారికి: మంచి యాసిడ్ బ్యాటరీ, దాన్ని ఎప్పుడూ నిండుగా ఉంచే చిన్న చార్జర్... ఇప్పటికీ ఇదే చవక, ఇదే నమ్మకం. లిథియమే కావాలనుకుంటే స్టార్టింగ్ కోసం తయారైనదే కొనాలి. దానికి తగిన చార్జర్ పెట్టాలి. పాత యాసిడ్ బ్యాటరీని వెంటనే అమ్మేయకుండా చార్జింగ్‌లో ఉంచాలి. ఒకటి మొరాయిస్తే ఇంకొకటి.

ఏ బ్యాటరీ అయినా ఈ నాలుగు పనులకు మినహాయింపు లేదు.

* వారానికోసారి జనరేటర్‌ని ఏరియేటర్ల లోడుతో పది పదిహేను నిమిషాలు నడిపి చూడండి.

* టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుంటే వేడినీళ్లతో కడిగి, తుడిచి, వాజలీన్ రాయండి. తీగ వదులైనా సెల్ఫ్ తిరగదు.

* ట్రాక్టర్ బ్యాటరీ నుంచి కలుపుకోవడానికి లావుపాటి తీగలు షెడ్డులోనే వేలాడదీయండి. రాత్రి కాపలా ఉండే మనిషికి అవి తగిలించడం పగలే నేర్పండి.

* బ్యాటరీ కొన్న తేదీని దాని మీదే పెయింటుతో రాయండి. మూడేళ్లు దాటితే వానాకాలం ముందే పరీక్ష చేయించండి.

నవంబరు, డిసెంబరు వచ్చాయంటే బంగాళాఖాతం ఊరుకోదు. 2015 నవంబరు వరదలనూ, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానునూ నెల్లూరు మర్చిపోలేదు. అలాంటి రాత్రి షెడ్డులో ఉన్నది యాసిడ్ బ్యాటరీయా, లిథియం బ్యాటరీయా అని రొయ్య అడగదు. దానికి తెలిసిందల్లా ఒక్కటే... ఏరియేటర్ తిరుగుతోందా లేదా!