రైతు యింట నుండవలసిన వడ్రంగి పనిముట్లు

తొలకరి పడి, మృగశిర కార్తెలో దుక్కికి అదను వచ్చిన దినముననే నాగటి మేడి విఱిగినచో రైతు ఏమి చేయును? వడ్రంగి వాకిట కాచుకొనును. అచ్చట అప్పటికే పదుగురు కూర్చుండి యుందురు. తన వంతు వచ్చునప్పటికి నేల తడి యాఱిపోవును. మేడి వెల స్వల్పమే. పోయిన అదనుకు వెల కట్టజాలము.

హైదరాబాదు పాతబస్తీలోని సాలార్‌జంగు మ్యూజియమును మన సభ్యులలో పలువురు చూచియే యుందురు. 1951లో దివాను దేవిడీయందు ప్రారంభింపబడి, 1968లో మూసీ యొడ్డునగల నేటి భవనమునకు మాఱిన ఆ ప్రదర్శనశాలలో, ఒకే దుంగనుండి చెక్కిన జంటబొమ్మ కలదు. ముందువైపు మెఫిస్టోఫిలిసను పిశాచి గర్వముగా నిలిచి యుండును. వెనుకనున్న అద్దములో తలవంచుకొనిన మార్గరెట్టా కనబడును. ఇది 19వ శతాబ్దపు ఫ్రెంచి పనితనము. అంతటి నేర్పు మనకు రాకపోవచ్చును. అయినను ఆ శిల్పికిని మన గ్రామ వడ్రంగికిని ముఖ్యసాధనము ఉలియే. దానికి పదునుండవలయును.

ముందుగా కొలుచునవి: కొలబద్ద, మూలమట్టము. మూలమట్టమును కొనునపుడు, చదునైన పలక యంచున దాని నానించి యొక గీత గీయుడు. పిదప దానిని త్రిప్పిపెట్టి అదేచోట మఱియొకటి గీయుడు. రెండు గీతలును కలిసినచో అది సరియైనది, కలియనిచో విడిచిపెట్టుడు.

తరువాత రంపము. కొయ్యకు అడ్డముగా కోయు రంపమునకును, నిలువుగా చీల్చు రంపమునకును పండ్ల తీరు వేఱు. ఒక్కటియే కొనువారు అడ్డకోతదానిని కొనుట మేలు. పండ్లు కుడియెడమలకు కొంచెము వంగియుండనిచో రంపము కొయ్యలో పట్టుకొనును.

సన్నని ఉలి యొకటి, వెడల్పైనది యొకటి, బాడిస, కొయ్యసుత్తి, ఇనుపసుత్తి, చిత్రిక పట్టు సాధనము, బరమా, ఆకురాయి, సానరాయి — వీనితో మేడి, కాడి, గుంటక పనులు సాగును.

మేము ఉద్యోగమున చేరిన క్రొత్తలో, వెల తక్కువయని యొక అంగడిలో ఉలిని కొంటిమి. తుమ్మకొయ్యపై మొదటి దెబ్బకే దాని యంచు మడతపడెను. చుట్టునున్న రైతులు నవ్విరి, మేము సిగ్గుపడితిమి. నాటినుండి పనిముట్లు తక్కువ కొన్నను మంచివే కొనుచున్నాము.

పదును పెట్టుటలో తొందర కూడదు. తిరుగుడు సానపై అంచు నీలివర్ణము తిరుగునంతగా వేడెక్కినచో ఉక్కు బిరుసు పోవును. కావున మాటిమాటికి నీట ముంచుచుండవలెను. పని ముగిసిన పిమ్మట తుడిచి నూనె పూయవలెను. ఉలి పోవు దారిలో రెండవచేతి నెన్నడును ఉంచరాదు. మొద్దు ఉలికి బలము హెచ్చుగా పెట్టవలసి వచ్చును. జాఱి చేయి తెగుటకు అదియే తఱచుగా కారణము.

ఇది వడ్రంగి నోటి కూడు తీయుటకు చెప్పినది కాదు. బండిచక్రమును, క్రొత్త నాగలియు అతని పనియే. వానికి తగిన కూలి యిచ్చి చేయించుకొనవలయును. చిన్న మరమ్మతులు మాత్రమే మనవి. ఒక్కొక్కరు అన్నియు కొనజాలనిచో, సంఘము ఒక జత తెప్పించి, పుస్తకములో వ్రాసికొని సభ్యులకు ఎరువిచ్చుట మంచిది. పదును చెడకుండ తిరిగి యిచ్చుట సభ్యుని ధర్మము. ఏఱువాకకు ముందే ఈ యేర్పాటు జరుగవలయునని మా మనవి.