పాతాళాన్ని మరిచిన కాలయంత్రం

హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన 'ది టైమ్ మెషీన్' నవలలో కథానాయకుడికి పేరే ఉండదు. తాను తయారుచేసిన యంత్రమెక్కి ఏకంగా 8,02,701వ సంవత్సరంలో దిగుతాడు. అక్కడ తోటల్లో పళ్లు తింటూ, ఆడుతూ పాడుతూ బతికే ఎలోయ్‌లు కనిపిస్తారు. దిగీ దిగగానే యంత్రం మాయం! దాన్ని వెతుక్కుంటూ పాడుబడిన బావిలాంటి సొరంగంలోకి దిగితే అసలు గుట్టు తెలుస్తుంది. చీకట్లో యంత్రాలు నడిపే మొర్లాక్‌లు ఒకప్పటి కార్మికుల వారసులు. పైనున్నవారు ఒకప్పటి యజమానుల సంతతి. ఇప్పుడు కిందివాళ్లే పైవాళ్లను తింటున్నారు.

వెల్స్‌కి ఈ ఊహ ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆయన తల్లి అప్‌పార్క్ అనే జమీందారీ భవనంలో హౌస్‌కీపర్. అక్కడి నౌకర్లు తిరిగేది నేలకింది దారుల్లోనే.

ఇదే నవలను భిలాయిలో, అందునా వైశాలి నగర్‌లో చదివితే మాత్రం కాలయానం మీదికి మనసు పోదు. 2008లో అసెంబ్లీ నియోజకవర్గంగా మారిన ఈ ప్రాంతం ఉక్కు కర్మాగారం నీడలో ఎదిగింది. సోవియట్ సాయంతో కట్టిన ఆ కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న మొదలైంది. పని వెతుక్కుంటూ తెలుగు కుటుంబాలూ ఇక్కడికి తరలివచ్చాయి. ప్లాంటు పర్మనెంట్ ఉద్యోగికి క్వార్టరు, ఆస్పత్రి, బడి ఉంటాయి. చుట్టుపక్కల ప్రైవేటు ఫ్యాక్టరీల్లోని కాంట్రాక్టు కూలీకి అవేవీ ఉండవు. ఆ కూలీల కోసం పోరాడిన శంకర్ గుహ నియోగి 1991 సెప్టెంబర్ 28న నిద్రలో ఉండగానే తూటాకు బలయ్యారు. 1992 జులై 1న పోలీసు కాల్పుల్లో పదిమందికి పైగా కార్మికులు నేలకొరిగారు.

సరిగ్గా ఆ 1991 జులైలోనే తెలుగు తెర మీదికి కాలయంత్రం వచ్చింది. విద్యార్థి దశలో చదివిన వెల్స్ నవలే సింగీతం శ్రీనివాసరావుకి 'ఆదిత్య 369' తీసేందుకు ప్రేరణ. కథంతా పరుగే. వజ్రం దొంగతనం, 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల కొలువు, ఆపై 2504. వినోదంగా దానికి సాటి రాగల తెలుగు కాలయాన కథ నేటికీ అరుదే. కానీ ఒక మార్పు జరిగింది. ఆ భవిష్యత్తులోనూ జనం నేలకిందే బతుకుతారు. కారణం అణు యుద్ధం మిగిల్చిన రేడియేషన్. అందరికీ ఒకటే పాతాళం! యజమాని, కూలీ అన్న తేడా లేదు. వెల్స్ నవలకు ఆయువుపట్టు ఆ తేడాయే. రాయల వైభవం చూపి చప్పట్లు కొట్టించుకోవడం తేలిక, నిజమే. 2022లో వచ్చిన 'బింబిసార' కూడా రాజునే కాలం దాటించింది తప్ప, కూలీని కాదు.

'ఆదిత్య 369'ను 2025 ఏప్రిల్‌లో కొత్త హంగులతో మళ్లీ విడుదల చేశారు. వెల్స్ నాయకుడు మాత్రం చివర్లో ఆధారాల కోసం కెమెరా పట్టుకుని మళ్లీ యంత్రమెక్కుతాడు. మూడేళ్లు గడిచినా తిరిగి రాడు.