చీకటి రాత్రికి ఎంత విద్యుత్తు కావలయును?

2021 నవంబరులో కుండపోత వానలకు తిరుపతి వీధులు ఏరులై పారిన దినముల నెరిగినవారికి, మీట నొక్కినను దీపము వెలుగని రాత్రి యెంత దీర్ఘమో చెప్ప నక్కరలేదు. బాలలారా, అట్టి రాత్రులకును, తలకోన అడవి యంచున బసచేయు విహారములకును చేతబట్టుకొని పోదగిన పవర్ స్టేషన్ అను బ్యాటరీ పెట్టె నెట్లు ఎంచుకొనవలయును?

దానిపై రెండు సంఖ్యలుండును. వాట్ అవర్లు కుండలోని నీరు. వాట్లు కుండ మూతి. నీరెంత యున్నను, మూతి సన్ననిదైనచో ధార పెద్దది కాజాలదు. 30 వాట్ల పొదుపు ఫ్యాను, 10 వాట్ల బల్బు 6 గంటలు నడచిన 240 వాట్ అవర్లు వ్యయమగును. బ్యాటరీ విద్యుత్తు ఇంటి విద్యుత్తుగా మారునపుడు కొంత వేడిగా పోవును గనుక 300 వాట్ అవర్ల పెట్టె వలయును. దోసెలకై ఇండక్షన్ పొయ్యి తగిలించితిరా, అది 1500 వాట్లకు పైగా నడుగును. చిన్న పెట్టె తక్షణమే ఆగిపోవును. ఫ్రిజ్ మోటారు కదలు క్షణమున మామూలుకంటె పలురెట్లు లాగునన్న సంగతిని పెద్దలే మరచుచుందురు.

తిరుపతి చెంత కరకంబాడిలో అమర రాజా సంస్థవారు చేయు సీసపు బ్యాటరీలు మన యిండ్ల ఇన్వర్టర్లకు చిరపరిచితములే గాని, మోయుటకు బరువు. ఇట్టి పెట్టెలలో వాడు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకము తేలిక. వేలమారులు నింపి వాడినను త్వరగా క్షీణింపదు, ఇతర లిథియం రకములకంటె వేడిని బాగుగా నోర్చును. కావున దానినే నేను మేలని యెంచెదను. అయినను మే నెల మధ్యాహ్నమున మూసిన కారులో విడువరాదు.

ఈశాన్య ఋతుపవనము మనకు అక్టోబరులో వచ్చును. సెప్టెంబరులోనే పెట్టెను నింపి, ఒక రాత్రి ఫ్యానును దానిపై నడిపి చూడుడు.