నక్షత్రమని పొరబడిన వెలుగు

1929లో జర్మనీ దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడు కూనో హాఫ్‌మైస్టర్ లాసెర్టా మండలంలో వెలుగు హెచ్చుతూ తగ్గుతూ ఉండే ఒక చుక్కను కనుగొన్నాడు. లాసెర్టా అనగా బల్లి. చంచల నక్షత్రాలకు పేర్లు పెట్టే పద్ధతి ననుసరించి దానిని బి.ఎల్. లాసెర్టే అన్నారు. దాదాపు నలభై ఏండ్లు అది నక్షత్రాల పట్టికలోనే ఉన్నది. 1968లో, అంతకుముందే ఎరిగిన ఒక రేడియో తరంగాల మూలమూ ఆ చుక్కా ఒక్కటేనని గుర్తించారు. అది నక్షత్రం కాదు. సుమారు 90 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఒక గెలాక్సీ నడిబొడ్డు! హాఫ్‌మైస్టర్‌ను తప్పు పట్టడానికి లేదు. ఛాయాచిత్ర ఫలకంపై రెండూ ఒకే చుక్కగా పడతవి.

ఆ నడిబొడ్డున సూర్యునికంటె కోట్ల రెట్లు బరువైన కృష్ణబిలం ఉన్నది. దాని చుట్టూ సుడి తిరుగుతున్న పదార్థంలో కొంత లోపలికి పడిపోగా, కొంత రెండు ధారలుగా, ఇంచుమించు కాంతి వేగంతో ఎదురెదురు దిక్కులకు చిమ్ముకొని పోతుంది. వీటినే జెట్‌లంటారు. ఒక జెట్ సూటిగా మనవైపు తిరిగి ఉంటే ఆ గెలాక్సీ బ్లేజార్ అవుతుంది.

ఆ ధార నుండి వచ్చే ఎక్స్‌కిరణాలను పుట్టించేది తేలికైన ఎలక్ట్రానులా, దాదాపు 1,836 రెట్లు బరువైన ప్రోటానులా? ఈ వివాదం ఏండ్ల తరబడి నడిచినది. ప్రోటానులనే వేగంగా తరమాలంటే అక్కడి అయస్కాంత క్షేత్రం ఎంతో బలిష్ఠమై ఉండాలి. అప్పుడు జెట్‌ను గురించిన మన లెక్కలన్నీ మారిపోతవి.

దీనికి సాక్ష్యం కిరణాల కంపనంలో దొరికినది. కిటికీ కమ్మికి కట్టిన త్రాటి కొనను పైకీ క్రిందికీ ఆడిస్తే అల నిలువుగా సాగుతుంది. ప్రక్కలకు ఆడిస్తే అడ్డంగా సాగుతుంది. కాంతి అలలు కూడ ఒకే తలంలో కంపించితే దానిని ధ్రువణం అంటారు. ఎక్స్‌కిరణాలను మన వాతావరణం మ్రింగివేస్తుంది గనుక ఈ పరీక్ష అంతరిక్షంలోనే సాధ్యం. 2021 డిసెంబరు 9న అమెరికా, ఇటలీ దేశాలు కలిసి పంపిన ఇక్స్‌పీ ఉపగ్రహం ఇందుకే పుట్టినది. దాని పెట్టెలోని వాయువులో ఎక్స్‌కిరణం ఒక పరమాణువును తాకి ఎలక్ట్రానును వెడలగొడుతుంది. ఆ ఎలక్ట్రాను సాధారణంగా కిరణం కంపించే దిక్కుకే పరుగెత్తుతుంది. ఒక్క జాడవల్ల ఏమీ తెలియదు. వేలకొలది జాడలను ప్రోగుచేస్తేగాని మొగ్గు ఎటో తేలదు. అందుచేతనే ఒక్కొక్క బ్లేజార్‌ను రోజుల తరబడి చూడవలసి వస్తుంది.

2023 నవంబరులో ఇక్స్‌పీ బి.ఎల్. లాసెర్టేను చూచినది. అదే సమయాన భూమిమీది దూరదర్శినులలో దాని మామూలు కాంతి ధ్రువణం 47.5 శాతానికి ఎగబాకినది. ఎక్స్‌కిరణాల ధ్రువణమో, 8 శాతమైనా లేదు! ప్రోటానులే కారణమైతే ఎక్స్‌కిరణాలు కూడ మామూలు కాంతితో సమానంగానో, అంతకు మించియో ధ్రువితం కావలసినది. ఎలక్ట్రానులు తక్కువ శక్తిగల కాంతికణాలను ఢీకొని ఎక్స్‌కిరణాలుగా ఎగదోస్తే మాత్రం ధ్రువణం చాలావరకు చెదరిపోతుంది. 2025లో వెలువడిన ఫలితాలలో శాస్త్రజ్ఞులు ఎలక్ట్రానుల పక్షానే తీర్పు చెప్పారు.

అయితే ఈ తీర్పు ఒక్క బ్లేజార్‌కు, ఆ కొద్ది రోజులకు చెందినది. 2017 సెప్టెంబరు 22న దక్షిణ ధ్రువపు మంచులోని పరికరాలకు చిక్కిన న్యూట్రినో మరొక బ్లేజార్ దిక్కునుండి వచ్చినది. అటువంటి న్యూట్రినోలు పుట్టాలంటే ప్రోటానులు తప్పవు. కాబట్టి ప్రోటానులను జెట్‌ల నుండి పూర్తిగా వెలివేయలేము.

మన శ్రీహరికోట నుండి 2024 జనవరి 1న ఎగిరిన ఎక్స్‌పోశాట్ కూడ ఎక్స్‌కిరణాల ధ్రువణాన్ని కొలవడానికే వెళ్లినది. బెంగుళూరులోని రామన్ పరిశోధనాలయం నిర్మించిన దాని పరికరం, ఇక్స్‌పీ చూచేవాటికంటె ఎక్కువ శక్తిగల కిరణాలను పరీక్షిస్తుంది.