ఏసీ వేశారు... చల్లదనమేదీ?

భద్రాచలంలో రాములవారి దర్శనం అయింది. చింతూరు మీదుగా ఘాట్ ఎక్కి, మారేడుమిల్లిలో బొంగులో చికెన్ తినాలని పిల్లల హడావుడి. తీరా కారులో ఏసీ చూస్తే వేడిగాలి కొడుతోంది! వెనకసీట్లో అమ్మమ్మ ఉసూరుమంటోంది. చింతూరు మన్యంలోదే అయినా అరకులాంటి చల్లని ఊరు కాదు. శబరి ఒడ్డున పల్లంలో ఉంటుంది. మే నెల ఎండ ఇక్కడ మాడ్చేస్తుంది.

ఇలాంటప్పుడు ఎవర్నడిగినా ఒకటే మాట... 'గ్యాస్ అయిపోయింది, కొట్టించండి' అని. కానీ ఏసీ గ్యాసేమీ పెట్రోలు కాదు, తిరిగేకొద్దీ ఖర్చయిపోవడానికి. కంప్రెసర్ దాన్ని గట్టిగా నొక్కుతుంది. వేడెక్కిన గ్యాస్ రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లోకి వెళ్లి, వేడిని బయటి గాలికి వదిలి ద్రవంగా మారుతుంది. డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్‌లో ఆవిరవుతూ కారులోని వేడిని లాగేస్తుంది. మళ్లీ కంప్రెసర్‌కే చేరుతుంది. రబ్బరు గొట్టాల్లోంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పోవచ్చుగానీ, నిరుడు నింపిన గ్యాస్ ఈ ఏడు లేదంటే ఎక్కడో లీకున్నట్టే. అది వెతక్కుండా నింపించుకుంటే మళ్లీ వేసవికి మళ్లీ అదే ఖర్చు.

అసలు గ్యాస్ దాకా వెళ్లేముందు మీరే చూసుకోదగ్గవి కొన్నున్నాయి. గాలి చల్లగానే ఉన్నా నీరసంగా వస్తోందా? క్యాబిన్ ఫిల్టరు దుమ్ముతో పూడుకుపోయి ఉంటుంది. చాలా కార్లలో అది గ్లవ్‌బాక్స్ వెనకే ఉంటుంది, తీసి దులపడం పెద్ద పనేం కాదు. బయలుదేరినప్పుడు బాగానే ఉండి, గంట తర్వాత గాలి సన్నబడిపోతే కూలింగ్ కాయిల్‌పై మంచు కట్టిందేమో అనుమానించాలి. ఏసీ ఆపి, ఫ్యాను మాత్రం కాసేపు తిరగనిస్తే కరుగుతుంది.

గాలి జోరుగా వస్తున్నా వెచ్చగా ఉంటే సంగతి వేరు. బండి ఆపి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి ఏసీ వేయండి. బానెట్ ఎత్తి దూరం నుంచే గమనించండి. చాలా కార్లలో 'టక్'మని కంప్రెసర్ క్లచ్ పట్టుకున్న చప్పుడు వినిపిస్తుంది (కొన్ని కొత్త మోడళ్లలో రాదు). కండెన్సర్ ఫ్యాను తిరగాలి. బండి పరుగు తీస్తే చల్లగా, ఆగితే వెచ్చగా ఉంటోందంటే చాలాసార్లు తప్పు ఆ ఫ్యానుదో, దుమ్ముపట్టిన కండెన్సర్‌దో! గోదావరి పోటెత్తి శబరి వెనక్కి తన్నితే ఇక్కడి రోడ్లపైకి నీరొస్తుంది. 2022 జులైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు చింతూరు కూడా మునిగింది. అలాంటి బురదనీళ్లలో వెళ్లిన బండికి కండెన్సర్ సందులన్నీ మట్టితో మూసుకుపోతాయి. ఇంజిన్ చల్లారాక మామూలు నీటిధారతో మెల్లగా కడిగితే చాలు. ప్రెషర్ పంపు దగ్గరగా పెడితే పల్చటి రేకులు వంగిపోతాయి.

ఇక గ్యాసే తగ్గిందని తేలితే లీకు పరీక్ష చేయించాకే నింపించండి. గొట్టాల అతుకుల దగ్గర జిడ్డు మరక కనిపిస్తే ముందు అక్కడే వెతకమనండి. గ్యాస్‌తోపాటు బయటికొచ్చే కంప్రెసర్ ఆయిలే ఆ మరక. మరమ్మతు అయ్యాక వ్యాక్యూమ్ పంపుతో లోపలి గాలినీ తేమనూ లాగేయాలి. ఆ తర్వాత తూకం ప్రకారం నింపాలి. ఎంత పట్టాలో బానెట్ కింద చీటీపై గ్రాముల్లో రాసి ఉంటుంది. ఏ రకం గ్యాసో కూడా అందులోనే చూడొచ్చు. 'ఇంకాస్త ఎక్కువ కొట్టు బాబూ' అనకండి... ఎక్కువైతే చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్‌కూ చేటే.

ఘాట్‌లో మాత్రం ఏసీ వెచ్చబడితే కంగారక్కర్లేదు. చిన్న గేర్లలో మెల్లగా ఎక్కేటప్పుడు ఇంజిన్‌పై బరువెక్కువ, ముందు నుంచి తగిలే గాలి తక్కువ. ఇంజిన్ బాగా శ్రమిస్తున్నా, వేడెక్కినా కంప్రెసర్‌ను దానంతటదే ఆపేసే ఏర్పాటు చాలా కార్లలో ఉంది. చూడాల్సింది టెంపరేచర్ సూదిని. అది పైకెక్కుతుంటే వెంటనే ఏసీ ఆపి అద్దాలు దించేయండి. హీటర్ వేస్తే చెమటలు పడతాయిగానీ ఇంజిన్ వేడి కొంత లోపలికి లాగేస్తుంది. అడవిదారిలో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేం కాబట్టి మొరాయించే దాకా లాగించకుండా, మలుపు కాని వెడల్పైన చోట ఆపేయండి. వేడిమీద రేడియేటర్ మూత తీయకూడదు, మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. పూర్తిగా చల్లారాక కూలెంట్ చూసుకోండి. అది తగ్గకపోతే, సూది మామూలు చోటికి దిగితే బయలుదేరొచ్చు. ఏసీ మాత్రం ఘాట్ అయ్యాకే.