తపసి బంకకు మొక్కజొన్న పోటీ

బొర్రా, అనంతగిరి, అరకు ప్రాంతాల కొండసరుకుల్లో చింతపండు, కొండచీపుళ్లు, అడ్డాకులు, తేనెతోపాటు తపసి బంకకూ చిరకాలంగా స్థానం వున్నది. బయటి బజారులో కరాయ అనే పేరుతో చెలామణీ అయ్యే యీ బంక బేరంలో వర్తకులు సాధారణంగా చూసేవి మూడు: ఆ యేడు ఎండ ఎలా కాసింది, సరుకులో బెరడు పాలు ఎంత, అమెరికా, యూరపు కొనుగోలుదారులు ఎంత అడుగుతున్నారు. ఇప్పుడు నాలుగోది కూడా చూడవలసివున్నది. అది మొక్కజొన్న ధర.

కొండమీది చెట్టుకూ మొక్కజొన్నకూ సంబంధమేమిటని అడగవచ్చు. ఆహారపదార్థాల్లో కలిపే దినుసులకు యూరపులో ఇచ్చిన నంబర్లు చూస్తే విషయం బోధపడుతుంది. గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ బంక 412. ఇరాన్ నుంచి వచ్చే ట్రాగకాంత్ 413. అరబిక్ బంక 414. మన కరాయ 416. నడుమనున్న 415 మాత్రం చెట్టుదీ కాదు, గింజదీ కాదు. దాని పేరు జాంథన్. క్యాబేజీ తోటలకు నల్లకుళ్లు తెగులు తెచ్చే జాంథోమొనాస్ అనే బాక్టీరియా దానిని తయారుచేస్తుంది.

తయారీ విధానం పెద్ద రహస్యమేమీ కాదు. మొక్కజొన్న గంజి నుంచి తీసిన గ్లూకోజును నీళ్లలో కలిపి, పెద్ద ఉక్కు ట్యాంకుల్లో బాక్టీరియాకు మేతగా పోస్తారు. వేడి 28 నుంచి 30 డిగ్రీల మధ్య వుంచి, గాలి పంపుతూ రెండు మూడు రోజులు కలియబెడతారు. మేసిన చక్కెరలో సగానికి పైగా బంకగా మారుతుంది. ద్రవం చిక్కబడేకొద్దీ మర తిప్పడానికి కరెంటు ఎక్కువ కాలుతుంది. చివరకు ఐసోప్రొపైల్ ఆల్కహాలు పోసి బంకను విడదీసి, ఆరబెట్టి, పొడికొడతారు. ఆ ఆల్కహాలును మళ్లీ రాబట్టుకోవడంలోనే మిల్లు లాభనష్టాలు చాలావరకు తేలిపోతాయి.

బొర్రా గుహల్లో ఊటల చెంత రాళ్లకు పట్టిన నారింజరంగు పొరలను చూసినవారికి యిది మరీ వింతగా తోచదు. ఆ పొరలు సూక్ష్మజీవుల గుంపులే. అవి రాతిని అంటిపెట్టుకుని వుండటానికి కారణం అవి విడిచే జిగురే. గుహలో అనాదిగా జరుగుతున్న పనిని ట్యాంకులో టన్నులకొద్దీ చేయించడమే జాంథన్ పరిశ్రమ.

దీని పుట్టుక కూడా వర్తకులు గమనించదగినదే. అమెరికాలోని పియోరియా పట్టణంలో వ్యవసాయశాఖ పరిశోధనాలయం ఒకటి వున్నది. రైతుల దగ్గర మిగిలిపోయే పంటలకు కొత్త గిరాకీ కనిపెట్టడం దానికి అప్పగించిన పని. అక్కడ 1950లలో అలీన్ జీన్స్ అనే రసాయన శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు జాంథన్‌ను వెలుగులోకి తెచ్చారు. 1969లో అమెరికా ప్రభుత్వం దానిని ఆహారంలో వాడటానికి అనుమతించింది. అంటే మిగులు మొక్కజొన్నను వదిలించుకోవడానికి వెతికిన దారుల్లో ఒకటి, సముద్రాలు దాటి వచ్చి మన్యంలోని బంక చెట్టుకు పోటీ అయింది.

ఈ పోటీ ఎలాంటిదో ట్రాగకాంత్ గతి చూస్తే తెలుస్తుంది. ఒకప్పుడు సలాడ్లమీద పోసే పులుసుల తయారీదార్లకు ట్రాగకాంత్ లేనిదే గడిచేది కాదు. అది ఖరీదైన సరుకు. 1979లో ఇరాన్‌లో విప్లవం వచ్చి, సరఫరా ఎప్పుడు వస్తుందో ఎప్పుడు రాదో తెలియని పరిస్థితి ఏర్పడింది. ఫ్యాక్టరీలు జాంథన్‌కు మారాయి. తర్వాత సరుకు దొరికినా, పోయిన గిరాకీ చాలావరకు తిరిగి రాలేదు. ధర పెరిగి పోయిన కొనుగోలుదారుడు ధర తగ్గితే వస్తాడు. సరుకు అందక పోయినవాడు తన యంత్రాలను, కొలతలను మార్చుకుని పోతాడు కనుక రావడం కష్టం.

గ్వార్ వర్తకులకు కూడా యీ అనుభవం కొంత వున్నది. అమెరికా చమురు బావుల గిరాకీ వల్ల 2012 మార్చిలో క్వింటాలు గ్వార్ గింజలు 25 వేల రూపాయలు దాటాయి. ఆ నెలలోనే వాయిదా వ్యాపారం నిలిపివేశారు. తిరిగి 2013 మేలో ప్రారంభించారు. ఈలోగా చమురు కంపెనీలు జాంథన్‌ను, ఇతర చిక్కబరిచే దినుసులను పరీక్షించి చూసుకున్నాయి.

ఇక మేత సంగతి. జాంథన్ నేడు అత్యధికభాగం చైనాలో తయారవుతున్నది. చౌకగా దిగుమతి అవుతున్నదని 2013లో అమెరికా దానిపై యాంటీ డంపింగ్ సుంకం కూడా విధించింది. 2016లో చైనా ప్రభుత్వం మొక్కజొన్నకు మద్దతు కొనుగోళ్ల పద్ధతిని ఎత్తివేయగా అక్కడ మొక్కజొన్న ధరలు పడిపోయాయి. అందువల్ల గ్లూకోజు మిల్లులకు, వాటివెంట జాంథన్ మిల్లులకు మేలు జరిగింది. కరాయ వర్తకుడు నిజామాబాదు యార్డు ధరతోపాటు చైనా ధరను కూడా చూడాలనడానికి కారణమిదే.

అయితే ఆ మేతకే మరో సూక్ష్మజీవి గట్టి పోటీదారుగా తయారైంది. అది పులియబెట్టి ఇథనాల్ ఇచ్చే ఈస్టు. అమెరికాలో పండే మొక్కజొన్నలో మూడోవంతుకు పైగా ఇథనాల్ మిల్లులకే పోతున్నది. మన దేశంలో 2023 జులైలో ఆహార సంస్థ బియ్యం అమ్మకం ఆగిపోయి, డిసెంబరులో చెరకు రసంపై ఆంక్షలు రాగానే డిస్టిలరీలు మొక్కజొన్నపై పడ్డాయి. 2024 జనవరిలో మొక్కజొన్న ఇథనాల్‌కు చమురు కంపెనీలు లీటరుకు 71 రూపాయల 86 పైసలు ప్రకటించాయి. క్వింటాలు గింజ సుమారు 38 లీటర్లు ఇస్తుంది. ఆ లెక్కన రాబడి సుమారు 2,730 రూపాయలు. ఆ సంవత్సరపు మద్దతు ధర 2,090. నడుమ 640 రూపాయలు, దానికితోడు పశువుల దాణాగా పోయే పిప్పి. ఇంత వెసులుబాటు వుంటే డిస్టిలరీ మద్దతు ధరకు మించి పాడగలదని వేరే చెప్పనక్కరలేదు. ఎగుమతి చేసే దేశంగా పేరున్న మనం 2024లో మయన్మార్, ఉక్రెయిన్‌ల నుంచి మొక్కజొన్న తెప్పించుకోవలసివచ్చింది. కోళ్లదాణావారి గోడు సరేసరి.

మేత ఖరీదు పెరిగితే జాంథన్ ఖరీదూ పెరగాలి. ఒక సూక్ష్మజీవి తెచ్చిన పోటీని మరొకటి కొంత తగ్గిస్తున్నదన్నమాట. కాని దీనిని నమ్ముకుని తపసి బంకను గోదాముల్లో పెట్టుకోవడం తెలివైన పని కాదు. జాంథన్ బలం ధర ఒక్కటే కాదు. ఏ బస్తా విప్పినా ఒకే చిక్కదనం, ఒకే రంగు వుంటుంది. ఎండాకాలం, వానాకాలం తేడా లేదు.

తపసి బంకకు ఆ భరోసా ఇవ్వడం కష్టం. రాళ్ల కొండలమీద పెరిగే యీ చెట్టుకు గొడ్డలి గాటు పెడితే బంక ఊరుతుంది. ఎండలు ముదిరిన నెలల్లో మంచి సరుకు వస్తుంది. వాన తగిలితే రంగు తిరుగుతుంది. తొందరపడి లోతుగా నరికిన చోట్ల చెట్లే చచ్చాయి. విశాఖపట్నంలోని కోవెల్ ఫౌండేషన్, గిరిజన సహకార సంస్థ తేలికగాటు పద్ధతిని, శుభ్రంగా ఏరడాన్ని నేర్పబట్టి కొంత నయమైంది. 1956లో ఏర్పడిన సహకార సంస్థకు 1979 నాటి నిబంధన ఏజెన్సీలో అటవీఫలసాయం కొనుగోలు గుత్తాధికారం ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం సేకరించి అమ్ముకునే హక్కును గిరిజనులకే ఇచ్చింది. బొర్రా పంచాయతీలో గిరిజనేతరుల గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో తీర్పు చెప్పింది. కనుక యీ పల్లెల బేరం నేటికీ ప్రధానంగా పంట, అడవి సరుకులదే.

అడ్డాకుకు కూడా ఇటువంటి పోటీ రానున్నది. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని నిషేధించాక విస్తళ్లకు ఆశ చిగురించింది. కాని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా పులియబెట్టి చేసే పి.ఎల్.ఎ. అనే ప్లాస్టిక్ కూడా అదే ఖాళీలో అడుగుపెడుతున్నది. అమెరికాలో మొక్కజొన్నతో చేస్తున్న యీ సరుకును చెరకు చక్కెరతో చేసే మిల్లు పెడుతున్నట్లు బల్‌రామ్‌పూర్ చీనీ కంపెనీ 2024లో ప్రకటించింది.

తపసి బంకకు మిగిలిన గట్టి చోట్లు లేకపోలేదు. నీటిలో కరగకుండా ఎన్నోరెట్లు ఉబ్బడం, తడిసినా అంటుకుని వుండటం దాని ప్రత్యేకత. కట్టుడుపళ్లు నిలిపే పొడుల్లోను, విరేచనం సాఫీగా అయ్యే మందుల్లోను దాని వాడకం అందుకే. ఈ మందుల కంపెనీలు బెరడు, ఇసుక లేని మొదటి రకానికి బేరమాడతాయి. కలగాపులగం సరుకును ముట్టవు. పొడికొట్టి చాలాకాలం నిల్వవుంచితే, ముఖ్యంగా విశాఖవంటి ఉక్కపోత రేవుల్లో, యీ బంక చిక్కదనం తగ్గిపోతుంది. అనుభవజ్ఞులైన ఎగుమతిదార్లు గడ్డల రూపంలోనే నిల్వచేసి, ఆర్డరు చేతికి వచ్చిన తర్వాతనే మరకు వేస్తారు.