కుప్పం మూల నుంచి ఖండాల లెక్క

ఆఫ్రికా అంతా ఒకే దేశం కాగలదా? ఆసియాకంతటికీ ఒకే పార్లమెంటు కుదురుతుందా? రచ్చబండ మీద ఎవరైనా ఈ మాటెత్తితే నవ్వేస్తాం. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో ఉన్నవాళ్లు మాత్రం అంత తొందరపడి నవ్వనక్కర్లేదు. యూరోపియన్ యూనియన్‌లో 27 దేశాలు, 24 అధికార భాషలు. మన రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోనే 22 భాషలున్నాయి. జనాభాలో ఆ యూనియన్ మనలో మూడో వంతు. వాళ్లు తంటాలు పడి చేసుకుంటున్న పనిని మనం ఇప్పటికే ఎంతో కొంత చేసి పెట్టుకున్నాం. ఎలా చేశామో, ఎక్కడ చేతకాక ఆగిపోయామో చెప్పే విశేషాలు కుప్పం, మదనపల్లె చుట్టుపక్కలే బోలెడు దొరుకుతాయి.

ఒక రైలు, మూడు రాష్ట్రాలు

జోలార్‌పేటలో బెంగళూరు వైపు వెళ్లే రైలెక్కితే కాసేపటికి మల్లానూరు వస్తుంది. అది ఆంధ్ర. తర్వాత కుప్పం, గుడుపల్లె. ఆపైన కర్ణాటక, బంగారపేట. కుప్పం స్టేషన్ ఉన్నది ఆంధ్రలోనే అయినా దాని పెత్తనం హుబ్బళ్లి కేంద్రంగా ఉన్న నైరుతి రైల్వేది, అందులోని బెంగళూరు డివిజన్‌ది. పొద్దున్నే ఈ దారిలో బెంగళూరు పనులకు పోయి, రాత్రికి ఇల్లు చేరేవాళ్లు చాలామంది. పక్కింటి రాష్ట్రంలో కూలి చేసుకొస్తున్నామన్న ఆలోచన కూడా వాళ్లకు రాదు. బస్టాండులో ‘యాడికి పోతా ఉండావన్నా?’ అని తెలుగులో మొదలైన పలకరింపు, అవతలి మనిషి క్రిష్ణగిరి వాడని తెలియగానే తమిళంలోకి దిగిపోతుంది. కోలారు వాడైతే కన్నడంలోకి.

యూరప్‌లోనూ ఒక కుప్పం ఉంది

షెంగెన్ వీసా అనే మాట మన పిల్లలు విదేశాలకు పోవడం మొదలుపెట్టాక ఇంటింటా వినబడుతోంది. ఆ షెంగెన్ నిజానికి లక్సెంబర్గ్‌లోని ఒక చిన్న పల్లె. ఫ్రాన్స్, జర్మనీ, లక్సెంబర్గ్ సరిహద్దులు కలిసే చోట, మోజెల్ నది ఒడ్డున ఉంటుంది. 1985 జూన్ 14న అక్కడే నదిలో ఆగి ఉన్న ఒక పడవ మీద కూర్చుని ఐదు దేశాల వాళ్లు సరిహద్దు తనిఖీలు ఎత్తేద్దామని సంతకాలు చేశారు. అది అమలులోకి రావడానికి 1995 దాకా పట్టింది. సరిహద్దు బాధ సరిహద్దు మీద ఉన్నవాడికే తెలుస్తుందని కాబోలు, రాజధానులన్నీ వదిలి మూడు దేశాల మూలనున్న పల్లెను వెతుక్కున్నారు.

మనకు పాస్‌పోర్టు బెడద ఎప్పుడూ లేదు గానీ లారీలకు మాత్రం ఉండేది. వాణిజ్య పన్నుల చెక్‌పోస్టుల దగ్గర బారులు తీరిన లారీలు, చేతిలో కాగితాలు పట్టుకుని దిగిన డ్రైవర్లు 2017 జులై 1న జీఎస్టీ వచ్చేవరకూ మనకు మామూలు దృశ్యమే. రాజకీయంగా ఏకమై డెబ్బై ఏళ్లయ్యాక గానీ మనం సరుకుల సంగతిలో ఏకం కాలేదన్నమాట. యూరప్‌ది సరిగ్గా తిరగేసిన దారి. వాళ్లు 1951లో బొగ్గు, ఉక్కుతో మొదలుపెట్టారు, అదీ ఆరు దేశాలే. రాజకీయ ఐక్యత ఇంకా నడుస్తున్న కథ. మదనపల్లె మార్కెట్ యార్డులో క్రేట్లకెత్తిన టమాటా ఇవాళ ఉత్తరాదికైనా, తమిళనాడుకైనా దారిలో పన్ను గేటు లేకుండా పోతుంది.

మదనపల్లెలో ఒక ఐర్లండ్ దంపతులు

1919 ఫిబ్రవరి చివరలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె వచ్చారు. అనీబిసెంట్ 1915లో పెట్టిన దివ్యజ్ఞాన కళాశాలలో దిగారు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండ్ కవి. ఆయన దేశంలోనూ స్వాతంత్ర్య పోరాటం రగులుతున్న రోజులవి. ఠాగూర్ అక్కడ ‘జనగణమన’ పాడి వినిపించారు. పాశ్చాత్య సంగీతం చదువుకున్న జేమ్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి స్వరాలు రాసుకున్నారు. ఠాగూర్ ఆ పాటను అక్కడే తన చేత్తో ఇంగ్లిషులోకి మార్చి, ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని పేరు పెట్టారు. బెంగాలీ కవి పాట, ఐర్లండ్ ఆవిడ స్వరలిపి, రాయలసీమ ఊరు!

ఆ గీతం మొదటి చరణంలో ప్రాంతాల పేర్లు వరసగా వస్తాయి. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ నేలలన్నింటికీ కలిపి ‘ద్రవిడ’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకున్నారు. మన పేరు విడిగా లేదేమని ఎవరూ పెద్దగా పట్టుబట్టలేదు. సింధు పాకిస్తాన్‌కు పోయింది కదా, ఆ పేరు తీసేయమని ఒకాయన సుప్రీంకోర్టుకు వెళితే 2005లో కోర్టు ఒప్పుకోలేదు. యూరప్ వాళ్లకు ఈ చిక్కే రాకుండా చూసుకున్నారు. వాళ్ల గీతం బీథోవెన్ బాణీ, అధికారికంగా దానికి మాటలే లేవు. 24 భాషల్లో ఏ భాషలో పాడాలన్న తగవు మొదలవకముందే తప్పించుకున్నారు. నా మటుకు నాకు మాటలున్న పాటే ఇష్టం, తగవులున్నా సరే.

ఇదే మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి మాత్రం దేశాలను కలపడం గురించి ఆలోచించేవారికి మింగుడుపడని మనిషి. జాతీయతే యుద్ధాలకు ఒక మూలమని లోకమంతా తిరిగి చెప్పారాయన. తన కోసం కట్టిన ‘ఆర్డర్ ఆఫ్ ది స్టార్’ అనే ప్రపంచవ్యాప్త సంస్థను 1929లో హాలండ్‌లోని ఓమెన్‌లో తనే రద్దు చేసేశారు.

మూడు రాష్ట్రాల తోడుతో విశ్వవిద్యాలయం

కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టింది. పొరుగున ఉన్న కర్ణాటక, తమిళనాడు, కేరళ చెయ్యి కలిపాయి. నీళ్ల దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకోని రాష్ట్రాలు వ్యాకరణం దగ్గర కలిశాయన్నమాట. ఈ ఆలోచన వెనక ఉన్న పెద్దమనిషి భాషాశాస్త్రవేత్త వి.ఐ. సుబ్రహ్మణ్యం. అంతకుముందు తంజావూరు తమిళ విశ్వవిద్యాలయానికి మొదటి ఉపకులపతి ఆయనే.

దక్షిణాది భాషలన్నీ ఒకే కుటుంబమన్న వాదన తొలిసారి అచ్చయింది ఎక్కడో తెలుసా? తెలుగు వ్యాకరణంలో. 1816లో ఎ.డి. క్యాంప్‌బెల్ అచ్చువేసిన తెలుగు వ్యాకరణానికి ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ రాసిన నోట్‌లో ఆ సంగతి ఉంది. అందరికీ తెలిసిన కాల్డ్‌వెల్ పుస్తకం 1856లో గానీ రాలేదు. ఇంకో మాట. పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్‌లో మాట్లాడే బ్రాహుయీ కూడా మన కుటుంబం భాషే. భాషల చుట్టరికం చూస్తే క్వెట్టా దగ్గర మనకు బంధువులున్నారు, వీసా మాత్రం దొరకదు.

చుట్టరికం ఉంటే చాలా?

చాలదు. 1939-40ల నుంచి పెరియార్ దక్షిణాదికంతా వేరే దేశంగా ద్రవిడనాడు కావాలన్నారు. తెలుగువాళ్లు, కన్నడిగులు, మలయాళీలు అటు కన్నెత్తి చూడలేదు. 1963లో అన్నాదురై పార్టీ ఆ కోరిక వదులుకుంది. 1956 మొదట్లో మద్రాసు, మైసూరు, తిరువాన్కూరు-కొచ్చిన్‌లను కలిపి ‘దక్షిణ ప్రదేశ్’ చేద్దామని మరో ప్రతిపాదన వచ్చింది. అదీ అంతే. బెంగాల్, బీహార్‌లను కలుపుదామన్న ప్రయత్నమూ ఆ ఏడే మూలపడింది.

ఒకే భాష ఉన్నా ఇదే గతి పట్టొచ్చు. అరబ్బీ మాట్లాడే ఈజిప్టు, సిరియా 1958లో ఒకే దేశమై 1961లో విడిపోయాయి. తెలుగువాళ్లం 1956లో కలిసి 2014 జూన్ 2న రెండు రాష్ట్రాలయ్యాం. మరోపక్క టాంగన్యీకా, జాంజిబార్ 1964లో కలిసి టాంజానియా అయ్యాయి, ఇప్పటికీ కలిసే ఉన్నాయి. ఇందులో సూత్రం వెతికితే దొరకదు.

గీతలు చెరిపినవారు, చెరపనివారు

1963 మేలో అడిస్ అబాబాలో 32 ఆఫ్రికా దేశాల నాయకులు కూచున్నారు. ఘనా నాయకుడు క్వామె ఎన్‌క్రూమా ఖండానికంతా ఒకే ప్రభుత్వం కావాలన్నారు. మిగతావాళ్లు నెమ్మది మీద చూద్దామన్నారు. మరుసటి ఏడు కైరోలో, తెల్లవాళ్లు గీసిపోయిన సరిహద్దులను కదిలించకూడదని తీర్మానించుకున్నారు. గీతలు కదిలిస్తే కొట్లాటలని వాళ్ల భయం. అడిస్ అబాబాలో వాళ్లు పెట్టుకున్న సంఘానికి వారసురాలైన ఆఫ్రికన్ యూనియన్‌లో ఇప్పుడు 55 సభ్య దేశాలున్నాయి. పార్లమెంటు పేరుతో ఒక సభ ఉన్నా చట్టాలు చేసే అధికారం దానికి లేదు.

మనం తెల్లవాడి గీతలనే చెరిపి మళ్లీ గీసుకున్నాం. పొట్టి శ్రీరాములు 58 రోజుల దీక్ష చేసి 1952 డిసెంబర్ 15న ప్రాణం విడిచాక, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. చిత్తూరు జిల్లా ఎటన్నది మాత్రం అప్పుడూ పూర్తిగా తేలలేదు. తిరుపతి, తిరుత్తణి తమవేనని మ.పొ. శివజ్ఞానం తమిళుల తరఫున ఉద్యమం చేశారు. చివరికి హెచ్.వి. పటాస్కర్ మధ్యవర్తిత్వంతో 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసుకు పోయింది, సత్యవేడు మనకు వచ్చింది. ఊళ్లకు ఊళ్లు రాష్ట్రం మారాయి. సైన్యాల పని పడలేదు.

అలాగని అందరికీ న్యాయం జరిగిందని అనలేం. కుప్పం, కోలారు, హోసూరులను కలిపి పూర్వం మొరసునాడు అనేవాళ్లు. ఆ నాడు ఇప్పుడు మూడు ముక్కలు. 2006లో తమిళనాడు తమిళాన్ని బడుల్లో తప్పనిసరి చేసే చట్టం తెచ్చాక, హోసూరు, క్రిష్ణగిరి తెలుగువాళ్లు పిల్లలకు తెలుగు చదువు నిలుపుకోవడానికి నానా తిప్పలు పడుతున్నారు. ‘మొరసునాడు కథలు’ పేరుతో వాళ్ల కథలు పుస్తకంగా వచ్చాయి. దొరికితే చదవండి.

పాలారు పరీక్ష

కలిసి ఉండడం ఎంతవరకో తేల్చేది నీళ్లే. పాలారు కర్ణాటకలోని నంది కొండల దగ్గర పుడుతుంది. సుమారు 348 కిలోమీటర్ల నదిలో కర్ణాటక వాటా 93, తమిళనాడుది 222, కుప్పం పక్కగా పోయే మన ముక్క 33 మాత్రమే. పైన కర్ణాటకలో బేతమంగళం చెరువు ఉంది. కింద వేలూరు వైపు తాగునీటికి, తోలు పరిశ్రమకు ఈ నదే ఆధారం. మధ్యలో ఉన్న కుప్పానికి మాత్రం వానొస్తేనే ఏరు. గణేశపురం దగ్గర ఆనకట్ట కడతామని ఆంధ్ర అంటే, 2006లో తమిళనాడు సుప్రీంకోర్టుకెక్కింది. 2024 ఫిబ్రవరిలో ఇక్కడ పాలారు మీద జలాశయాలకు శంకుస్థాపన జరిగితే మళ్లీ అదే అభ్యంతరం.

తమిళనాడు చూపించే కాగితం 1892 నాటి మద్రాసు-మైసూరు ఒప్పందం. కింది రాష్ట్రం ఒప్పుకోకుండా పైవాళ్లు కొత్త కట్టడాలు కట్టకూడదని అందులో ఉంది. విచిత్రమేమిటంటే ఆ ఒప్పందం రాసేనాటికి కుప్పం మద్రాసు ప్రెసిడెన్సీలో, ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉంది. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో. మైసూరు నుంచి ఏ జనాన్ని కాపాడడానికి ఆ కాగితం రాశారో ఆ జనంలో కుప్పం వాళ్లూ ఉన్నారు. గీత మారగానే అదే కాగితం వాళ్ల మీదికి తిరిగింది.

ఈలోగా 2025లో హంద్రీ-నీవా కాలువ మీదుగా కృష్ణా నీళ్లు కుప్పం చేరాయి. మహారాష్ట్రలో పుట్టిన నది, పక్కింటి పాలారు కంటే ముందు పలికింది.

పోయే దారి

యూరోపియన్ యూనియన్ ఒప్పందంలో 50వ అధికరణ ఉంది, ఇష్టం లేకపోతే వెళ్లిపోవచ్చు. దాన్ని పట్టుకునే బ్రిటన్ 2020 జనవరి 31న బయటపడింది. మన రాజ్యాంగంలో పోయే తలుపు లేదు. 3వ అధికరణ మాత్రం ఉంది, పార్లమెంటు రాష్ట్రాల గీతలు మార్చవచ్చు. ఇంట్లో గోడలు జరుపుకోవచ్చు గానీ ఇల్లు వదిలి పోవడానికి వీల్లేదు. ఆంధ్ర, తెలంగాణ రెండూ ఆ వెసులుబాటు మీదే పుట్టాయి.

ఇక ఆసియా సంగతి. మొత్తం ఖండం ఒకటవుతుందని నేననుకోను. దక్షిణాసియా మాటే తీసుకుంటే, ఎనిమిది దేశాల సార్క్‌కు కాఠ్మండూలో సచివాలయం ఉంది, జెండా ఉంది. 2016లో ఇస్లామాబాద్‌లో జరగాల్సిన శిఖరాగ్ర సమావేశం జరగలేదు. 2014 నవంబర్‌లో కాఠ్మండూలో జరిగిన 18వ సమావేశమే ఇప్పటికీ చివరిది.